శుద్ధప్రతిలో రాలిపోయినవి

ఇంగ్లండు వెళ్ళివచ్చిన మనవాళ్ళు రాసే యాత్రావ్యాసం ఎలా మొదలవుతుందో నేను కాగితం విప్పకుండానే చెప్పగలను. చిరకాలపు కల ఫలించిన రోజు అది. రెండో వాక్యంలో విమానం ఎక్కుతారు. మూడో పేరాలో థేమ్స్ నది వచ్చేస్తుంది. ఆపైన బిగ్ బెన్ గడియారం, రాణిగారి కోట, మేడమ్ టుస్సాడ్స్ మైనపు బొమ్మలు, షేక్‌స్పియర్ పుట్టిన ఇల్లు, పెళ్ళి పంక్తిలో వడ్డన సాగినట్టు ఒకదాని వెనక ఒకటి. చిట్టచివర ఎంతైనా మన ఊరు మన ఊరే అని ముక్తాయింపు. ఈ మధ్యలో ఆ మనిషికి ఎక్కడైనా ఆకలేసిందా, కాళ్ళు పీకాయా, రైల్లో ఎదుటి సీటు దొరసాని పలకరించిందా, ఏదైనా చూసి భయం వేసిందా అంటే ఒక్క ముక్క ఉండదు. మనిషి వెళ్ళినట్టు ఉండదు, గైడు పుస్తకమే టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళొచ్చినట్టు ఉంటుంది.

అచ్చంగా ఇలాంటిదే ఒకటి ఈమధ్య నా దగ్గరకు అభిప్రాయం కోసం వచ్చింది. రాసినవారు నాకు వరసకు బాబాయిగారు. శ్రీకాకుళంలో హైస్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అబ్బాయి లండన్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. 2019 జూన్‌లో బాబాయిగారు, పిన్ని వెళ్ళినప్పుడు అబ్బాయి సెలవు పెట్టి, భార్యనూ కూతురినీ కూడా తీసుకుని, అందరూ కలిసి పదకొండు రోజులు తిరిగారు. లండన్ నుంచి ఎడింబరో దాకా రైలు. అక్కడ అద్దెకారు తీసుకుని స్కాట్లాండు చుట్టి, సరస్సుల సీమ మీదుగా వెనక్కి. బాబాయిగారి శుద్ధప్రతి అరవై ఎనిమిది పేజీలు, ముత్యాల కోవలాంటి దస్తూరి, ఒక్క కొట్టివేత లేదు. చక్కగా అట్ట వేసి, "నాలుగు మాటలు రాసిపెట్టమ్మా, పుస్తకంగా వేద్దామనుకుంటున్నాను" అని ఇచ్చారు.

చదివాను. అందులో డండీ అనే ఊరు దగ్గర ఆగాను. గ్రాస్మియర్‌లో వర్డ్స్‌వర్త్ కవి ఇంటికి నాలుగు పేజీలు ఇచ్చిన మనిషి డండీకి ఒకే ఒక్క వాక్యం ఇచ్చారు: "పిమ్మట డండీ నగరమున జనపనార పరిశ్రమకు సంబంధించిన ప్రదర్శనశాలను సందర్శించితిమి." విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళం, మనకి జనపనార అంటే ఏమిటో తెలియదా? నెల్లిమర్ల మిల్లు సైరను విని గడియారం సరిచేసుకున్న ఇళ్ళు ఎన్ని లేవు! అదే అడిగాను. బాబాయిగారు "దానిలో విశేషం ఏముందమ్మా" అన్నారు. వంటింట్లోంచి పిన్ని మాత్రం, "డండీ లెక్క నా దగ్గర వేరే ఉందిలే" అని, ఇంటి ఖర్చు రాసుకునే పొడుగాటి పద్దుల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఏటుందమ్మా అందులో, అన్నీ తిండి లెక్కలే" అని ఓ మాట అనేసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఇలా ఒకే ప్రయాణానికి రెండు ప్రతులు నా చేతికొచ్చాయి. ఒకటి శుద్ధప్రతి, ఒకటి పద్దు. ఇద్దరూ ఒకే రైలెక్కారు, ఒకే కారులో కూర్చున్నారు. పద్దు పుస్తకం చూసుకునే తేదీలూ ఊర్లూ సరిపెట్టుకున్నానని బాబాయిగారే ఒప్పుకున్నారు. అంటే రెండోది మొదటిదానిలోంచి వడకట్టింది. వడకట్టినప్పుడు గుడ్డలో మిగిలిపోయిందేమిటన్నదే నా ప్రశ్న.

ఒక ఉదాహరణ చెబుతాను. కింగ్స్ క్రాస్ స్టేషనులో బయల్దేరిన ఎడింబరో రైలు యార్క్, డర్హం దాటి న్యూకాసిల్ దగ్గర టైన్ నదిని దాటుతుంది. బాబాయిగారి వాక్యం: "టైన్ నదిపై గల ఎత్తయిన వంతెనను దాటితిమి." పిన్ని వాక్యాలు: "రైలు వంతెన మీదికొచ్చింది. పర్సు తీసి చిల్లర పట్టుకున్నాను. కిటికీకి తెరిచే వీలే లేదు, మొత్తం అద్దం. మనవరాలు ఏం చేస్తున్నావు నానమ్మా అంది. గంగమ్మకి వేద్దామని అన్నాను. ఇక్కడి గంగమ్మకి మన డబ్బులు చెల్లవు నానమ్మా అంది. రూపాయి బిళ్ళ ఎడింబరో దాకా చేతిలోనే ఉంది."

గోదావరి వంతెన మీద పైసలు విసిరి దణ్ణం పెట్టుకున్న వాళ్ళెవరికైనా ఆ మూసిన అద్దం ఏమిటో చెప్పనక్కర్లేదు. ఇంగ్లండు మనకి ఎంత దూరమో మైళ్ళలో చెప్పడం కన్నా ఇది ఎక్కువ చెబుతుంది. శుద్ధప్రతిలో ఎత్తయిన వంతెన మిగిలింది. రూపాయి రాలిపోయింది.

ఇలాంటివి రాయడం సాహిత్యం కాదని, ఆడవాళ్ళ కబుర్లని అనుకునేవారికి ఒక సంగతి గుర్తుచేస్తాను. తెలుగులో యాత్రాచరిత్ర అనే దానికి మొదటి మహానుభావుడు ఏనుగుల వీరాస్వామయ్యగారు. 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరి కాశీకి పోయి, 1831 సెప్టెంబరుకి తిరిగొచ్చారు. తిరుగు దారిలో మన శ్రీకాకుళం, విజయనగరం మీదుగానే వచ్చారు. ఆ పుస్తకం 1838లో అచ్చయింది. ఆయన ఏం రాశారు? ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఏ దారి పల్లకీ బోయీలకు కష్టం, ఏ ఊళ్ళో దిగడానికి చోటుంది. వెనక వచ్చేవాడికి పనికొచ్చే మాట రాయాలన్నది ఆయన పట్టుదల. దేవాలయాలూ ధర్మశాస్త్రమూ కూడా ఉన్నాయనుకోండి, అయినా ఆ పుస్తకం ఇవాళ్టికీ చదివిస్తున్నదంటే ఈ వంటచెరుకు వివరాల వల్లనే. ఎడింబరోలో పెరుగు ఏ షాపులో దొరికింది, హోటలు గదిలో కెటిల్‌తో మ్యాగీ కాక ఇంకేం చేసుకోవచ్చు, రెండున్నర పౌండ్ల టీ అంటే రెండువందల ఇరవై రూపాయలు కనుక ఇద్దరికి ఒకటి చాలు అని రాసుకున్న మా పిన్నే ఆయనకి అసలు వారసురాలు. నల్లకోటు వేసుకుని వాక్యాలకి ఇస్త్రీ చేసిన బాబాయిగారు కాదు.

ఇంగ్లండు, స్కాట్లాండు అనగానే మనకి జ్ఞాపకం వచ్చే పుస్తకం ఇంకొకటి ఉంది, మీరూ చదివి పడిపడి నవ్వే ఉంటారు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టరు పార్వతీశం'. మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు మద్రాసులో దొరల టోపీ అనుకుని ఆడవాళ్ళ టోపీ కొనుక్కోవడం తెలుగువాళ్ళ ఇళ్ళలో సామెత స్థాయికి వెళ్ళిపోయింది. అది నవలే గాని యాత్రాచరిత్ర కాదు, నిజమే. అయినా అసలు యాత్రాచరిత్రలన్నిటికన్నా అందులో నిజం ఎక్కువ. కారణం ఒక్కటే. పార్వతీశం తనకు తెలియనిదాన్ని తెలిసినట్టు నటించబోయిన ప్రతిసారీ రచయిత పట్టుకుని మనకి చూపిస్తాడు. మన యాత్రావ్యాసాలు రాసేవాళ్ళు అదే నటన చేస్తారు గాని పట్టుకునే రచయిత ఉండడు.

అయితే ఆ పుస్తకం మీద నాకో చిన్న ఫిర్యాదు ఉంది. అందులో పార్వతీశం ఒంటరివాడు. అతను తప్పు స్టేషనులో దిగినా, ఒక పూట పస్తున్నా, నష్టపోయేది అతనొక్కడే, నవ్వుకుని ఊరుకోవచ్చు. తెలియనితనం పెళ్ళికాని మగపిల్లాడికి ఒక విలాసం. అయిదుగురు మనుషులు, అందులో ఒకరికి షుగరు, ఒకరికి ఎనిమిదేళ్ళు, ఉన్న కుటుంబంలో ఆడది దారి తెలియక తెల్లమొహం వెయ్యడానికి లేదు. ముందురోజు రాత్రే ఆలోచించుకోవాలి. తెలుగులో ఆ అనుభవాన్ని రాసిన పుస్తకం కోసం నేను వెతుకుతూనే ఉన్నాను. ఇంటిల్లిపాదితో ప్రయాణం ఒక సాహిత్యవస్తువు అని మనవాళ్ళకింకా తోచినట్టు లేదు. రైల్లో పులిహోర డబ్బా మూత తియ్యడానికి పిన్ని యార్క్ దాకా జంకింది. ఇంగువ వాసన వస్తుందని కొడుకు మొహమాటపడ్డాడు. చివరికి మూత తీసింది కోడలు. పద్దులో ఇది మూడు పంక్తులు. ఈ మూడు పంక్తుల్లో అత్తాకోడళ్ళ మధ్య ఏం జరిగిందో ఆడవాళ్ళకి విప్పి చెప్పక్కర్లేదు కదా. శుద్ధప్రతిలో "మార్గమధ్యమున భోజనము గావించితిమి" అని ఉంది.

ఇప్పుడు డండీకి వస్తాను.

ఎడింబరో నుంచి కారులో ఉత్తరానికి వెళ్ళి, టే నది మీది రోడ్డు వంతెన దాటితే డండీ. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రపంచానికి గోనెసంచీలు కుట్టిపెట్టిన ఊరు అది. బెంగాలు నుంచి జనపనార ఓడల్లో అక్కడికి వెళ్ళేది. నార పెళుసుగా ఉంటుంది గనుక నూనె, నీళ్ళు కలిపి మెత్తబరచాలి. డండీ వాళ్ళకి తిమింగలాల వేట ఉండేది, ఆ తిమింగలం నూనే దీనికి వాడారు. అలా కలిసొచ్చింది వాళ్ళకి. ఆ మిల్లుల్లో పనిచేసిన వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. కూలి తక్కువకి వస్తారని పెట్టుకున్నారు, అంతకు మించిన ఉదారం ఏమీ లేదు. మగవాళ్ళకి పని దొరక్క ఇంటి దగ్గర ఉండిపోయేవారు. ఆ మగవాళ్ళకి ఊళ్ళో ఒక పేరుండేది: కెటిల్ బాయిలర్స్. అంటే, పెళ్ళాం మిల్లు నుంచి వచ్చేసరికి టీనీళ్ళు మరగబెట్టేవాళ్ళన్నమాట. (ఇది చదివి మీ ఆయనకి వినిపించకండి, లేదా వినిపించండి, మీ ఇష్టం.) 1990ల చివరికి ఆ ఊళ్ళో జనపనార పని పూర్తిగా ఆగిపోయింది. పాత మిల్లు ఒకదాన్ని, వర్డెంట్ వర్క్స్ అని, మ్యూజియం చేసి పెట్టారు. పాత యంత్రాలని చూడవచ్చినవాళ్ళ కోసం తిప్పి చూపిస్తారు.

మన వైపు సంగతి మీకు తెలుసు. మన నేలలో పండేది అసలు జనుము కాదు, గోగు. అయినా ఓడరేవు పేరుమీద 'బిమిలీపట్నం జూట్' అని లోకమంతా పిలిచింది. గోగు కట్టలు చెరువులో ఊరేసినప్పటి కంపు, భీమిలి వెళ్ళే బస్సులో కూర్చున్నా ముక్కుకి తగిలేది. చిట్టివలస, నెల్లిమర్ల మిల్లులు ఆ నార మీదే లేచాయి. చిట్టివలస మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది. నెల్లిమర్లది ఎన్నిసార్లు మూసారో ఎన్నిసార్లు తెరిచారో అక్కడి కుటుంబాలనే అడగాలి.

పిన్ని తండ్రి నెల్లిమర్ల మిల్లు కార్మికుడు.

పద్దులో ఆ రోజు ఖర్చుల కింద, మ్యూజియం టిక్కెట్ల లెక్క తర్వాత, ఇలా ఉంది: "లోపలికి అడుగు పెట్టగానే నాన్న చొక్కా వాసన వచ్చింది. నూనె, నార. అబ్బాయికి చెబితే మ్యూజియంలో వాసనేమిటమ్మా అన్నాడు. ఒక ముసలాయన మిషను వేసి చూపించాడు. ఒక్క మిషనుకే చెవులు పగిలాయి. ఇలాంటివి వందలు తిరిగేవట. అందుకని ఆడవాళ్ళు ఒకళ్ళ పెదాలు ఒకళ్ళు చూసి, చేతులతో సైగలు చేసి మాట్లాడుకునేవారట. పనిచేసినవాళ్ళకి చెవుడు వచ్చేదట. నాన్న ఇంట్లో ఎప్పుడూ గట్టిగా అరిచి మాట్లాడేవాడు. మమ్మల్ని చూస్తే కోపం అనుకునేదాన్ని. పెళ్ళయి వెళ్ళిపోయేదాకా అలాగే అనుకున్నాను. ముసలాయన నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. టీ ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు."

ఇది చదివాక నేను కొంతసేపు పుస్తకం మూసి పెట్టుకున్నాను. ఆరువేల మైళ్ళు వెళ్ళి, కూతురు తండ్రి గొంతుని అర్థం చేసుకున్న చోటు అది. ఆ పదకొండు రోజుల ప్రయాణంలో ఇంకొకరెవరూ రాయలేని పేజీ అదొక్కటే. ఎడింబరో కోట గురించి ఎవరైనా రాస్తారు, రాశారు కూడా, కావలసినన్ని పుస్తకాలున్నాయి. ఈ పేజీ ఆవిడ రాయకపోతే లేదు. దాన్ని "ప్రదర్శనశాలను సందర్శించితిమి" అని తుడిచేశారు బాబాయిగారు. ఎందుకని అడిగితే, "మావగారు మిల్లులో చేసేవారని పుస్తకంలో ఎందుకమ్మా, చదివేవాళ్ళు ఏమనుకుంటారు" అన్నారు. ఇంగ్లండు యాత్రావ్యాసాలన్నీ ఒకేలా ఎందుకుంటాయన్న నా పాత సందేహానికి జవాబు ఆ ఒక్క మాటలో ఉంది. మన అసలు సంగతి ఎక్కడ తగులుతుందో అక్కడ సిగ్గుపడి తప్పుకుంటాం. తప్పుకున్న చోటల్లా థేమ్స్ నది పొడవు వేసి పూడుస్తాం.

పిన్ని ప్రతిని ఆకాశానికి ఎత్తడం నా ఉద్దేశం కాదు. దానికీ లోపాలున్నాయి, చెప్పకపోతే విమర్శ కాదు. ఎడింబరో కోట దగ్గర ఆవిడ రాసింది మోకాళ్ళ నొప్పి ఒక్కటే. అంత కొండ ఎక్కి కిందనున్న ఊరిని కనీసం ఒక్కసారైనా చూసిందో లేదో తెలియదు. ప్రతిదాన్నీ ఇంటితో పోల్చే అలవాటు ఒక హద్దు దాటితే కళ్ళకి గంతలు కడుతుంది. లాక్ నెస్ సరస్సుని "మన చెరువులాంటిదే, కాస్త పెద్దది" అని తేల్చేసింది. ఇరవై మైళ్ళకు పైగా పొడవున్న నీటిని కాస్త పెద్ద చెరువు అంటే ఎలా? అందులో రాకాసి ఉందని చెప్పుకుంటారన్న సంగతికి "మన నూతిలోనూ ఉందనేవారు" అని ఊరుకుంది. ఇక్కడ బాబాయిగారే మెరుగు. సరస్సు లోతు, నల్లని నీళ్ళు, రెండు పక్కల కొండలు, అన్నీ ఓపిగ్గా చెప్పారు. ఫోర్త్ నది మీది ఉక్కు రైలు వంతెన 1890లో తెరిచారనీ, అంతకుముందు 1879 డిసెంబరులో టే రైలు వంతెన గాలివానకి రైలుతో సహా కూలిపోయిందనీ, ఆ భయంతోనే ఫోర్త్ వంతెనని అంత బలంగా కట్టారనీ ఆయన రాసిన పేజీ బాగుంది. పిల్లలకి పాఠం చెప్పిన గొంతు అందులో వినిపిస్తుంది. చదువుకున్నదంతా పనికిమాలిందని నేననను. చదువు చూపుకి తోడుండాలి గాని చూపు మీద తెరలా పడకూడదు.

పోలిక కుదిరినప్పుడు పిన్నికి సాటి లేదు. ఇన్వర్నెస్‌లో జూన్ నెల రాత్రి పది దాటినా వెలుతురు పోదు. "పది గంటలకి కూడా ఎండ. అరసవల్లి స్వామికి ఇక్కడ ఓవర్‌టైము." ఇంతే రాసింది. అరసవల్లి దగ్గర పుట్టినవాళ్ళు తప్ప ఇంకొకరు రాయలేని వాక్యం. అలాగే ఆ ఉత్తరపు కొండల్లో రోడ్లు ఒక్క బండి పట్టేంతే ఉంటాయి. అక్కడక్కడ పక్కకి తప్పుకునే చోట్లు వదులుతారు. ఎదురుబండి వస్తే ఎవరికి దగ్గరైతే వాళ్ళు ఆగి, దారి ఇచ్చి, చెయ్యి ఊపి వెళ్తారు. కోడలు కారు నడిపిన ఒక పూటలో నలభై ఆరుసార్లు చెయ్యి ఊపిందట, మనవరాలు లెక్కపెట్టింది. "మన పాలకొండ రోడ్డులో అయితే ఎవరు ముందు వెనక్కి తియ్యాలో తేలేసరికి సాయంత్రం అయిపోను" అని పిన్ని వ్యాఖ్య.

తిరుగు దారిలో స్కాట్లాండు సరిహద్దున గ్రెట్నా గ్రీన్ అని చిన్న ఊరు. దాని చరిత్ర బాబాయిగారు వివరంగానే ఇచ్చారు. 1754 నుంచి ఇంగ్లండులో ఇరవై ఒక్కటి నిండనివాళ్ళు తల్లిదండ్రుల అనుమతి లేకుండా పెళ్ళి చేసుకోకూడదని చట్టం అమలైంది. స్కాట్లాండులో ఆ అడ్డు లేదు, ఇద్దరు సాక్షుల ముందు మాట ఇచ్చుకుంటే చాలు. అందుకని ప్రేమించుకున్న జంటలు గుర్రబ్బండ్లలో పారిపోయి సరిహద్దు దాటగానే వచ్చే ఈ ఊళ్ళో, కమ్మరి కొలిమి దగ్గర, దాగలి సాక్షిగా పెళ్ళాడేవారు. వెనకాల తండ్రులు మరో బండిలో తరుముకొచ్చేవారు. ఇదంతా రెండు పేజీలు, సరదాగానే ఉంది. పిన్ని పద్దులో ఒకే ఒక పంక్తి: "మనవాళ్ళ పెళ్ళి కూడా మనకి చెప్పకుండానే అయింది కదా అని ఎవరూ అనలేదు, అందరికీ గుర్తొచ్చింది." దీన్ని ఇక్కడ రాయవచ్చునా అని పిన్నినీ కోడలినీ ఇద్దరినీ అడిగాను. కోడలు ఫోనులో నవ్వి, ఆ రోజు దాగలి మీద చెయ్యి వేసి ఫోటో తీసుకోమని పట్టుబట్టింది మావగారేనని చెప్పింది. ఆ ఫోటో సంగతి రెండు ప్రతుల్లోనూ లేదు!

ఇక గ్రాస్మియర్, నాలుగు పేజీల వర్డ్స్‌వర్త్. ఇక్కడ బాబాయిగారి మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. ఆయన ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాల్లో ఆ పసుపుపచ్చ పువ్వుల పద్యం చెప్పారు. ఆ కవి 1799 నుంచి 1808 దాకా ఉన్న డవ్ కాటేజీలో నిలబడి పులకించిపోయారు, మంచిదే. అయితే ఆ ఇంట్లో కవితోపాటు ఆయన చెల్లెలు డొరతీ ఉండేది. ఆవిడకీ ఒక పద్దు పుస్తకం లాంటిది ఉండేది. రొట్టెలు కాల్చిన రోజు, బట్టలు ఉతికిన రోజు, తలనొప్పి వచ్చిన రోజు, వాన, గుమ్మంలోకొచ్చిన బిచ్చగత్తె, అన్నీ అందులో రాసుకునేది. 1802 ఏప్రిల్ 15న అన్నాచెల్లెళ్ళిద్దరూ సరస్సు గట్టున నడుస్తుండగా ఆ పువ్వులు కనిపించాయి. వాటి గురించి డైరీలో ముందు రాసింది డొరతీ. అన్నగారి పద్యం తర్వాత రెండేళ్ళకి గాని పుట్టలేదు. ఆ పద్యంలో మరీ మంచి పంక్తులు రెండు నా భార్య చెప్పినవి అని కవే ఒప్పుకున్నాడు కూడా. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు అందిస్తే అల్లిన దండ అది.

అంతటితో అయిపోలేదు. 1803లో అన్నాచెల్లెళ్ళు కోల్‌రిడ్జ్ కవితో కలిసి గుర్రబ్బండిలో ఆరు వారాలు స్కాట్లాండు తిరిగారు. ఆ ప్రయాణాన్ని పుస్తకంగా రాసింది ఎవరు? మళ్ళీ డొరతీయే. ఏ సత్రంలో దుప్పట్లు తడిగా ఉన్నాయో, ఏ గుడిసెలో ఏం పెట్టారో వదలకుండా రాసింది. ఆవిడ 1855లో పోయింది. ఆ స్కాట్లాండు యాత్ర అచ్చయింది 1874లో. బతికుండగా ఆవిడ దాన్ని పుస్తకంగా చూసుకోలేదు. ఇవాళ ఆ గ్రాస్మియర్ వెళ్ళేవాళ్ళలో అన్న పద్యాలకన్నా చెల్లెలి డైరీయే ఇష్టమని చెప్పేవాళ్ళు ఉన్నారు. ఆ ఇంట్లో నిలబడి, పక్కన పద్దు పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడిన భార్యని చూడకుండా, కవిగారి కుర్చీ వర్ణించారు బాబాయిగారు. శుద్ధప్రతిలో డొరతీ "కవిగారికి సపర్యలు చేసిన సోదరీమణి" అయింది.

ఇదంతా చదివి బాబాయిగారు ఏమీ అనిపించని రాతిమనిషి అనుకునేరు. అలా కాదని పద్దు పుస్తకమే చెబుతోంది.

లండన్ హైడ్ పార్కులో, మార్బుల్ ఆర్చ్ దగ్గర, 1867లో విజయనగరం మహారాజా విజయరామ గజపతిరాజుగారు దాహం తీర్చే నీళ్ళ ఫౌంటెన్ ఒకటి కట్టించారు. మన ఊరి రాజు లండన్ వాళ్ళకి చలివేంద్రం పెట్టాడన్నమాట. 1964లో దాన్ని తీసేశారు. ఇక్కడ ఉండేదని తెలియజెప్పే రాయి ఒకటి మిగిలింది. (అదే వంశంలోని విజ్జీగారు 1936లో భారత క్రికెట్ జట్టుకి నాయకుడై ఇంగ్లండు వెళ్ళి, సర్ బిరుదు తెచ్చుకున్నారు గాని, ఆ కథ మగవాళ్ళకి వదిలేద్దాం.) బాబాయిగారు ఈ ఫౌంటెన్ గురించి నిర్మాణ సంవత్సరం, తొలగించిన సంవత్సరం ఇచ్చి, రాయి "నేటికిని కలదు" అని రాశారు. పిన్ని పద్దులో ఇలా ఉంది: "ఈయన గంటన్నర ఆ రాయి కోసం తిరిగారు. అబ్బాయి విసుక్కున్నాడు. వర్షం పడుతోంది. దొరికాక జేబురుమాలు తీసి రాయి తుడిచారు. అక్షరాలు పైకి చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మా నాన్న నన్ను అయోధ్యామైదానంలో ఎత్తుకుని కోట చూపించేవాడు అన్నారు. నాకు ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు."

చూడండి, శుద్ధప్రతి రాసేటప్పుడు ఆయన పిన్నిని ఒక్కదాన్నే కొట్టెయ్యలేదు. తననీ కొట్టేసుకున్నారు. తండ్రి మిల్లులో అరిచి అరిచి మాట్లాడినందుకు ఒకరు, తండ్రి భుజమెక్కి కోట చూసినందుకు ఒకరు, ఇద్దరూ పరాయి దేశంలో ఒక్కొక్కచోట నిలబడిపోయారు. రెండు చోట్లా ఆ సంగతి పట్టి రాసింది పద్దు పుస్తకమే.

నా అభిప్రాయం నాలుగు మాటల్లో కాదు, నాలుగు పేజీల్లో రాసి పంపాను. పద్దు పుస్తకాన్నే అచ్చు వెయ్యమన్నాను. తిండి లెక్కలు, పౌండ్ల హెచ్చవేతలు, మోకాళ్ళ నొప్పి, అన్నీ ఉంచమన్నాను. బాబాయిగారి తేదీలూ కొలతలూ అడుగున చిన్న అక్షరాల్లో వేస్తే చదివేవాళ్ళకి ఉపకారమన్నాను. పిన్ని పేరు అట్ట మీద ఉండాలన్నాను. లాక్ నెస్ మాత్రం మళ్ళీ ఒకసారి తలుచుకుని రాయమని పిన్నికి విడిగా చీటీ పెట్టాను.

పన్నెండు రోజులు జవాబు లేదు. మాటలు ఎక్కువైనాయేమో, బాబాయిగారికి కష్టం తోచిందేమో అనుకున్నాను. పదమూడో రోజు పొద్దున్నే ఫోను. కుశలప్రశ్నలు లేవు. "టే నది మీద రోడ్డు వంతెన ఒకటిన్నర మైలు కూడా లేదమ్మా. మీ పిన్ని మూడు మైళ్ళని రాసింది. అచ్చుకి ముందు అది దిద్దించాలి" అన్నారు.